తాతయ్య లైన్ పెట్టెలో దొరికిన బిళ్లలు

ప్రశ్న: మా తాతయ్య బిట్రగుంటలో గూడ్స్ గార్డుగా పనిచేసి 1972లో రిటైరయ్యారు. ఈ మధ్య పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆయన డ్యూటీకి వెంట తీసుకెళ్లే లైన్ పెట్టె దొరికింది. అందులో మూడు ఇత్తడి టోపీ బిళ్లలున్నాయి. ఒకదాని మీద ఎం.ఎస్.ఎం.ఆర్., ఇంకోదాని మీద ఎస్.ఆర్., మూడోదాని మీద ఎస్.సి.ఆర్. అని ఉంది. గుండీలు కుట్టి ఉన్న నల్ల ఉన్ని కోటు, విడిగా ఇంకో డజను దాకా గుండీలు, ఒక విజిల్, కొన్ని కాగితాలు కూడా ఉన్నాయి. రెండు పక్కలా సన్నటి పట్టీలున్న గుండ్రటి రేకు బిళ్లలు నాలుగు కనిపించాయి, అవేం బ్యాడ్జీలో అర్థం కాలేదు. పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చి చూసి, ఎస్.ఆర్. బిళ్ల ఇంగ్లండు రైల్వేదనీ, అది మా తాతయ్యది అయ్యుండదనీ, అన్నీ కలిపి ఇచ్చేస్తే మంచి రేటు ఇస్తాననీ అంటున్నాడు. నాకేమో ఇవి ఉంచుకుని, ఇలాంటివే ఇంకా సేకరించాలని ఉంది. మావారు మాత్రం రైల్వే సొమ్ము ఇంట్లో ఉంటే కేసవుతుందని టెన్షన్ పడుతున్నారు. చింతపండుతో తోమి ఫ్రేము కట్టించమని మా అత్తయ్య సలహా. అమెరికాలో ఉన్న తమ్ముడు ఒక బిళ్ల తనకు పంపమంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ఆ పట్టీలున్న గుండ్రటి రేకు బిళ్లలు బ్యాడ్జీలు కావు. మీరు చెప్పిన ఆకారాన్ని బట్టి అవి డిటోనేటర్లు. అంటే లోపల పేలుడు మందు ఉంటుంది. బండి మధ్య దారిలో ఆగిపోయినప్పుడు వెనక నుంచి వచ్చే బండిని హెచ్చరించడానికి గార్డు వాటిని పట్టాల మీద పెట్టేవాడు. ఆ పట్టీలు ఉన్నది పట్టా తలకు వంచి బిగించడానికే. బ్రాడ్‌గేజ్‌లో అయితే 600 మీటర్ల దూరాన ఒకటి, 1200 మీటర్ల దూరాన పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలని నియమం. ఇంజను చక్రం కిందకి రాగానే పెద్ద చప్పుడుతో పేలితే డ్రైవరు బ్రేకు వేస్తాడు. పొగమంచులో సిగ్నలు దగ్గరపడిందని చెప్పడానికి కూడా ఇవే వాడతారు. పైన తయారైన సంవత్సరం అచ్చువేసి ఉంటుంది, వాటికి గడువు ఉంటుంది. మీ పెట్టెలోవి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పాతబడితే పేలవనుకోవద్దు, పాతవే ఎక్కువ నమ్మరానివి.

వాటిని గీకడం, తుడవడం, పట్టీలు వంచి చూడడం ఏదీ చేయకండి. పెట్టె ఉన్నచోటే ఉంచి, ఆ గదిలోకి పిల్లలు వెళ్లకుండా తాళం వేయండి. 112కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పగించేద్దామని మీరే సంచిలో వేసుకుని బస్సులోనో ఆటోలోనో స్టేషన్‌కు తీసుకెళ్లవద్దు. ఆ వ్యాపారి వాటిని చూసి కూడా ఏమీ అనలేదంటే అతనికి రైల్వే సామాను గురించి ఎంత తెలుసో నాకు అనుమానంగానే ఉంది.

ఇక బిళ్లలు. మూడు రైల్వేల పేర్లున్నాయి కాబట్టి ఇవన్నీ ఒక మనిషివి కావేమోనని మీకు సందేహం కలిగినట్టుంది. నాకైతే ఆ మూడూ కలిసి ఉండడమే ఈ పెట్టెలో అన్నిటికన్నా విలువైన సంగతి. మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది, అదే ఎం.ఎస్.ఎం.ఆర్. మద్రాసు నుంచి బెజవాడ లైను దానిదే, బిట్రగుంట ఇంజన్ల షెడ్డు దానిదే. 1951 ఏప్రిల్ 14న ఆ రైల్వే, సౌత్ ఇండియన్ రైల్వే, మైసూరు రైల్వే కలిసి సదరన్ రైల్వే అయ్యాయి. 1966 అక్టోబరు 2న విజయవాడ డివిజను సదరన్ నుంచి విడిపోయి కొత్తగా పుట్టిన సౌత్ సెంట్రల్‌లోకి వచ్చింది. మీ తాతయ్య ఊరు మారలేదు, ఉద్యోగం మారలేదు, బండి చివర ఆయన ఎక్కే గార్డు పెట్టె, అదే బ్రేకు వ్యాన్, కూడా మారి ఉండదు. టోపీ మీద అక్షరాలే రెండుసార్లు మారాయి. 1972లో రిటైరైన బిట్రగుంట గార్డు పెట్టెలో ఈ మూడూ ఉండడం ఎంత సహజమో చూడండి.

ఎస్.ఆర్. గురించి ఆ వ్యాపారి చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. ఇంగ్లండులో కూడా 1923 నుంచి 1947 చివరి దాకా సదరన్ రైల్వే ఉండేది. అక్కడి వస్తువులు సేకరించేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే రెండు దేశాల ఎస్.ఆర్. సామాను కలగాపులగం అవుతుంది. ఎం.ఆర్. అని కనిపిస్తే అది మద్రాసు రైల్వేదైనా కావచ్చు, ఇంగ్లండు మిడ్‌లాండ్ రైల్వేదైనా కావచ్చు. సి.ఆర్. అంటే మన సెంట్రల్ రైల్వే, స్కాట్లండు కాలిడోనియన్ రైల్వే రెండూ ఉన్నాయి. కాబట్టి అక్షరాలు చూసి తేల్చేయకూడదు. వెనక వైపు తిప్పి చూడండి. తయారీదారు పేరుందా, టోపీకి తగిలించే కొక్కేలు ఎలా అతికారు, మిగతా రెండు బిళ్లల పనితనంతో పోలిక ఉందా అని గమనించండి. పేరు ఇంగ్లండు కంపెనీదైనా కంగారు పడక్కర్లేదు. గుండీలు, విజిళ్లు, బిళ్లలు చాలా ఏళ్లు లండన్, బర్మింగ్‌హామ్ నుంచే మన రైల్వేలకు వచ్చేవి. మీ విజిల్ మీద బర్మింగ్‌హామ్ హడ్సన్ కంపెనీ పేరు ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఆ బిళ్ల ఎక్కడ దొరికింది, దేనితో కలిసి దొరికింది అన్నదే గట్టి సాక్ష్యం. అది మీ తాతయ్య పెట్టెలో, ఆయన కాగితాల పక్కన ఉంది.

అందుకే ఏ వస్తువునూ దాని చోటు నుంచి కదిలించే ముందు ఫొటో తీయండి. పోలీసులు వచ్చి ఆ నాలుగూ తీసుకెళ్లాక, పెట్టె తెరిచి ఉన్నది ఉన్నట్టుగా పై నుంచి ఒకటి, తర్వాత ఒక్కొక్కదాన్నీ ముందూ వెనకా తీసుకోండి. పక్కన స్కేలు పెడితే కొలత కూడా తెలుస్తుంది. ఒక నోటుబుక్కులో వస్తువుకో పేజీ కేటాయించి ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు ఏం చెప్పారు అన్నీ రాయండి. మీకు ఖాయంగా తెలిసినదీ ఊహించినదీ వేరువేరుగా కనిపించేలా రాయండి.

కాగితాల మీద నాకు ఇంకా ఎక్కువ పట్టింపు ఉంది. సర్వీసు సర్టిఫికెట్టు, పెన్షన్ కాగితం, పాసులు, బదిలీ ఆర్డర్లు, చివరికి చార్జిషీట్లు అయినా సరే, ఒక్కటీ పారేయవద్దు. దయచేసి ల్యామినేషన్ చేయించకండి. మన ఇళ్లలో ముఖ్యమైన కాగితం కనిపిస్తే చాలు ప్లాస్టిక్ మూత వేయించేస్తాం. ఆ వేడికీ గమ్ముకూ కాగితం లోపలే పాడవుతుంది, మళ్లీ విడదీయడం కుదరదు. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు జాగ్రత్తగా తీసేసి, మడత విప్పి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో పరిచి ఉంచండి. చిరిగినచోట సెలోటేపు వేయవద్దు.

ఆ కాగితాలు మీవారి భయానికి కూడా మందు. ఆయన మాట ఉత్తదేం కాదు. రైల్వే ఆస్తిని అక్రమంగా కలిగి ఉండడం మీద 1966లో ప్రత్యేక చట్టమే వచ్చింది. దొంగిలించిందన్న సహేతుకమైన అనుమానం ఉన్న రైల్వే వస్తువు ఎవరి దగ్గరైనా దొరికితే, అది న్యాయంగానే తనకు వచ్చిందని చూపించాల్సిన బాధ్యత ఆ మనిషిదే. మొదటి నేరానికే ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. అయితే రిటైరైన ఉద్యోగి ఇంట్లో ఆయన పాత టోపీ బిళ్ల, కోటు ఉంటే ఎవరికీ అలాంటి అనుమానం రాదు. అసలు ఇబ్బంది మీరు ఇకపైన కొనబోయే వాటితోనే. సిగ్నలు లీవర్లు, టోకెన్ యంత్రాల భాగాలు, తాళాలు, లైనుకు సంబంధించిన ఇనుప సామాను లాంటివి రసీదు లేకుండా ఎవరు అమ్మినా ముట్టుకోకండి. రైల్వే తుక్కు వేలంలో కొన్నదైతే ఆ వేలం కాగితం నకలు అడగండి. ఇస్తే తీసుకోండి, నీళ్లు నమిలితే వచ్చేయండి. ఇప్పుడు వాడుకలో ఉన్న టికెట్ కలెక్టరు, రైల్వే పోలీసు బ్యాడ్జీల జోలికి అసలే పోవద్దు. అవి పొరపాటున తప్పుడు చేతుల్లో పడితే ఎంత మోసం జరుగుతుందో మీకు తెలుసు.

చింతపండు సంగతికి వద్దాం. అత్తయ్యగారు ప్రేమతోనే చెప్పారు, పూజ సామానుకు అది సరిపోతుంది కూడా. కానీ ఈ బిళ్లలకు వద్దు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపు తగిలితే పై పొరలో జింకు కరిగిపోయి అక్కడక్కడా గులాబీ రంగు మచ్చలు తేలతాయి. పాలిష్ డబ్బాల్లోని మెత్తటి పొడి అక్షరాల అంచులు అరగదీస్తుంది. ఏళ్ల తరబడి ఒక మనిషి వేలు తగిలి అరిగిన గుర్తులూ, ఇవాళ మనం తోమి అరగదీసిన గుర్తులూ చూసేవాడికి వేరుగా తెలుస్తాయి. ఆ గోధుమ రంగు మెరుపు మురికి కాదు, లోహాన్ని కాపాడే పొర.

దుమ్ము మెత్తటి పొడి బ్రష్షుతో దులపండి చాలు. కొక్కేల దగ్గర, తోలు తగిలినచోట మైనంలా పచ్చటి చిలుము పేరుకుని ఉంటే పళ్లపుల్ల మొనతో నెమ్మదిగా తీయొచ్చు. ఇనుప సూది వాడకండి. చిలుములో రెండు రకాలున్నాయి. గట్టిగా, ముదురుగా అంటుకుని ఉన్నది పెద్ద ప్రమాదం కాదు. లేత పచ్చగా, ముగ్గుపిండిలా రాలుతూ, తుడిచినా కొన్నాళ్లకు మళ్లీ అక్కడే పుట్టేది మాత్రం లోహాన్ని తినేస్తున్నట్టు. అలాంటి బిళ్లను విడిగా, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో పెట్టి, మ్యూజియం వస్తువులు బాగుచేసే నిపుణులకు చూపించండి. నెల్లూరు సముద్రానికి దగ్గర, గాలిలో ఉప్పు తేమ ఉంటుంది కాబట్టి సిలికా జెల్ అన్నిటికీ అవసరమే. రంగు మారగానే మార్చండి. బిళ్లను అంచులు పట్టుకుని ఎత్తండి, చెమట వేలిముద్ర కొన్ని నెలలకు లోహంలో అచ్చుపడిపోతుంది.

కోటును డ్రైక్లీనింగ్‌కు ఇవ్వకండి, హ్యాంగరుకు తగిలించకండి. దాని బరువుకే భుజాల కుట్లు సాగిపోతాయి. పడుకోబెట్టి, ఉతికిన పాత మల్లుగుడ్డను ఉండగా చుట్టి కోటు చేతుల లోపల పెట్టి ఉంచండి. పురుగు పట్టిన గుర్తులుంటే ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీశాక ఒక రోజు ఆగి సంచి విప్పండి. కలరా ఉండలు వేసినా గుడ్డకు నేరుగా తగలనివ్వకండి. గుండీలు కోటుకే ఉండనివ్వండి. ఫ్రేము కట్టించాలంటే అంటించవద్దు. గుడ్డ మీద పెట్టి వెనక కొక్కేల గుండా దారంతో కుట్టించండి, ఎండ పడని గోడకు పెట్టండి. పెట్టె మీద తెల్ల రంగుతో రాసిన పేరుంటే దానిమీద కొత్త పెయింట్ అస్సలు వేయించకండి.

సేకరణ మొదలుపెట్టాలన్న మీ కోరిక నాకు చాలా సంతోషం కలిగించింది. ఒక్క మాట వినండి, దొరికిందల్లా కొనకండి. తెలుగు నేల మీద నడిచిన రైల్వేలు అని గిరి గీసుకుంటే చాలు, జీవితకాలం పని. మీ ఎం.ఎస్.ఎం.ఆర్. ఉండనే ఉంది. వాల్తేరు వైపు బెంగాల్ నాగపూర్ రైల్వే, బి.ఎన్.ఆర్., 1887లో మొదలైంది. సికింద్రాబాద్ వైపు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే ఉండేది. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని కంపెనీ చేతి నుంచి తీసుకున్నాక పేరులో గ్యారంటీడ్ పోయి నిజాం స్టేట్ రైల్వే అయింది. కాబట్టి ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉంటే 1930కి ముందుది, ఎన్.ఎస్.ఆర్. అని ఉంటే తర్వాతిది అని ఒక అంచనాకు రావొచ్చు. పెద్ద రైల్వేలకు 1947 వరకు సహాయక సైనిక దళాలు ఉండేవి. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే రైఫిల్స్ అలాంటిదే. వాటి బిళ్లల కోసం మిలిటరీ వస్తువుల సేకర్తలు కూడా పోటీకి వస్తారు, ధర ఎక్కువ, నకళ్లూ ఎక్కువ. మొదట్లో వాటి జోలికి వెళ్లకండి.

నకళ్లను పట్టుకోవడం చేతికి అలవాటు కావాలి. మీ ఇంట్లోనే అసలైనవి మూడున్నాయి, వాటిని రోజూ చూడండి. అసలైన బిళ్లల్లో ఎక్కువ భాగం రేకును అచ్చులో పెట్టి గట్టిగా కొట్టి చేసినవి. అక్షరాల అంచు పదునుగా ఉంటుంది, అక్షరాల మధ్య ఖాళీ చోటు, అంటే నేల, నున్నగా ఉంటుంది. నకలు చేసేవాడు అసలుదాన్ని ఇసుకలో అచ్చుతీసి కరిగించిన ఇత్తడి పోస్తాడు. అప్పుడు అంచులు మొద్దుబారతాయి, నేల మీద సూదిమొన లాంటి గుంటలు పడతాయి, లోహం చల్లారి కుదించుకుపోవడం వల్ల అసలుదానికన్నా కాస్త చిన్నదవుతుంది. ఫొటో పక్కన స్కేలు పెట్టమన్నది అందుకే. భూతద్దంతో అరుగుదల ఎక్కడుందో చూడండి. నిజంగా వాడిన బిళ్ల పైకి లేచిన చోట్ల అరుగుతుంది, వెనక టోపీ గుడ్డ రాసుకున్నచోట నునుపు తేలుతుంది. గుంటల్లో కూడా సమానంగా అరిగి ఉంటే అది కాగితం పెట్టి రుద్దిన అరుగుదల. అన్ని మూలల్లో ఒకే రంగు నలుపు ఉంటే కూడా అనుమానించండి. కూలీలు చేతికి కట్టుకునే ఇత్తడి బిళ్లలు అలంకరణ సామానుగా కొత్తగా పోత పోసి చాలా అమ్ముతున్నారు. ఒకే నంబరు బిళ్ల ఇద్దరు అమ్మకందారుల దగ్గర కనిపిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు.

కూలీ బిళ్ల గురించి ఇంకోమాట. అది లైసెన్సుకు గుర్తు. తండ్రి నుంచి కొడుక్కి, దగ్గరి బంధువుకు బదిలీ అయ్యే ఏర్పాటు రైల్వేలో ఉంది, ఒక కుటుంబం అన్నం దాని మీద ఆధారపడి ఉంటుంది. స్టేషన్‌లో పనిచేస్తున్న మనిషిని డబ్బు ఆశ చూపి ఆ బిళ్ల ఇమ్మని అడగవద్దు. ఏ సేకర్త అలా చేసినా నేను ఒప్పుకోను.

వీలైనప్పుడు ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియం, మైసూరు రైల్ మ్యూజియం, చెన్నైలో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ ఫ్యాక్టరీ దగ్గరి మ్యూజియం చూడండి. నిజాం రైల్వే గురించి కాచిగూడ స్టేషన్‌లోనే ప్రదర్శన ఉంది. అంతకన్నా ముందు బిట్రగుంట వెళ్లండి. మీ తాతయ్య తర్వాతి తరం గార్డులు, బొగ్గు ఇంజన్ల ఫైర్‌మన్లు ఎనభై దాటినవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్‌లో రికార్డు చేయండి. బిళ్ల టోపీకి ఎలా తగిలించేవారు, కొత్తది ఇచ్చినప్పుడు పాతది వెనక్కి అడిగేవారా, 1966లో పేరు మారాక కొత్త బిళ్లలు ఎన్నాళ్లకు చేతికొచ్చాయి, ఈలోగా ఏం పెట్టుకుని డ్యూటీ చేశారు అని అడగండి. ఇవి ఏ పుస్తకంలోనూ సులువుగా దొరకవు. 2022 జనవరిలో గార్డు అన్న ఉద్యోగం పేరే ట్రైన్ మేనేజర్‌గా మారింది. ఆ పేరుతో బతికినవాళ్ల నోట వినడానికి ఇంకెంతో కాలం మిగల్లేదు.

ఆ వ్యాపారికి ఇప్పుడే ఇవ్వనని మర్యాదగా చెప్పేయండి. పెట్టె, కోటు, బిళ్లలు, కాగితాలు ఒక్కచోట ఉంటేనే వాటికి అర్థం, ధర కూడా. అతను తీసుకెళ్తే బిళ్ల ఒకరికి, గుండీలు ఇంకొకరికి, పెట్టె మరొకరికి అమ్ముతాడు, కాగితాలు చిత్తుకు పోతాయి. ఎప్పుడైనా ధర తెలుసుకోవాలనిపిస్తే అమ్మకానికి పెట్టిన రేట్లు కాదు, నిజంగా అమ్ముడుపోయిన రేట్లు చూడండి.

తమ్ముడి కోరిక న్యాయమైనదే, ఆయనకీ తాతయ్యే. కానీ మూడు బిళ్లల్ని విడదీయవద్దు. పైగా 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువును దేశం దాటించడానికి వీల్లేదు. ఎం.ఎస్.ఎం.ఆర్. బిళ్ల ఏ సంవత్సరంలో చేసిందో దానిమీద లేకపోతే కస్టమ్స్‌లో ప్రశ్నలు రావొచ్చు. అప్పుడు పురావస్తు శాఖ నుంచి ఇది ఆ కోవలోకి రాదని సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. అంత దూరం ఎందుకు? విడిగా ఉన్న గుండీల్లో ఎస్.ఆర్.దో ఎస్.సి.ఆర్.దో ఉంటే అవి 1951 తర్వాతివే, నూరేళ్ల గొడవ లేదు. అందులో రెండు తీసి, మీ నోటుబుక్కులోని పేజీ నకలుతో కలిపి ఈసారి వచ్చినప్పుడు తమ్ముడికి ఇవ్వండి. కోటుకు కుట్టి ఉన్న గుండీలు మాత్రం అడిగినా కత్తిరించవద్దు.